ఈ ఇంట్లో చెమ్మ ఎక్కువ

నగరానికి గంటన్నర దూరంలో, చెట్లు గుబురుగా ఉన్న వీధిలో ఒక కింది వాటా. చూపిస్తున్నది ఆ ఇంట్లో అద్దెకుంటున్న ఇల్లాలు. చూస్తున్నది వీధి చివరి బడికి బదిలీ అయి వచ్చిన టీచరు. సాయంత్రం నాలుగైంది.

“...అందుకే ముందే చెప్తున్నా టీచరుగారూ, ఈ ఇంట్లో చెమ్మ ఎక్కువ. తర్వాత నన్ను తిట్టుకోకూడదు.”

“గోడ పొడిగానే ఉందిగా.”

“ఇప్పుడు పొడిగానే ఉంటుంది. వానలు పడనివ్వండి, చూద్దురుగాని. బట్టలు మూడు రోజులకి గానీ ఆరవు. ఆరినా ఓ వాసన.”

“చెట్లు మాత్రం ఎంత బావున్నాయండీ! వీధి మలుపు తిరిగేసరికి ప్రాణం లేచొచ్చింది.”

“చూసేవాళ్ళకి బానే ఉంటాయి. ఊడ్చేవాళ్ళకి తెలుస్తుంది. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. ఆకులు పడి తూము మూసుకుపోతుంది, నీళ్ళు గడప దాకా వస్తాయి. ఇదిగో, ఇది వంటిల్లు. ఇరుకు. ఇద్దరు నిలబడితే మోచేతులు తగుల్తాయి.”

“నిలబడేది నేనొక్కదాన్నే లెండి. మా ఆయన వంటింటి గడప తొక్కరు.”

“పోయిన వానాకాలం ఇక్కడే, ఈ గట్టు కింద... పాము.”

“అమ్మో! మీరు చూశారా?”

“చూడ్డమంటే... తోక చూశాను.”

“అమ్మాయ్! ఎవరే వచ్చింది?”

“ఎవరూ కాదత్తయ్యా! కుట్టుమిషను చూడ్డానికి వచ్చారు!”

“మనకి కుట్టుమిషను ఎక్కడిదే?”

“అదీ... మేడమీదావిడదత్తయ్యా! అమ్మిపెట్టమని మన దగ్గర పెట్టింది!”

“కుట్టుమిషనేంటండీ? నేను ఇల్లు...”

“ష్! కాస్త మెల్లగా. మా అత్తగారు. తర్వాత చెప్తాను. ఇటు రండి, ఇది స్నానాలగది. కుళాయి సన్నగా వస్తుంది.”

“బాగా చూసుకో అమ్మా! తొందరపడి వద్దనకు! ఇక్కడ కూర్చుని కుట్టుకుంటే గాలి కూడా బాగా వస్తుంది!”

“అలాగేనండీ!... ఏవండీ, పాపం పెద్దావిడతో అబద్ధం చెప్పించకండి నా చేత. సంగతేంటి? గోడ పొడుగునా ఈ తాడు దేనికి? బట్టలకైతే ఇంత కిందికి కట్టరుగా.”

“బట్టలకి కాదు.”

“మరి?”

“ఇటు వసారాలోకి రండి. ఇక్కడైతే వినబడదు... ఆవిడకి చూపు లేదు. పూర్తిగా పోయి నాలుగేళ్ళయింది.”

“అయ్యో.”

“అయ్యో అనకండి, ఆవిడకి కోపం. తన పని తనే చేసుకుంటారు. మంచం నుంచి గుమ్మానికి తొమ్మిదడుగులు. గుమ్మం నుంచి స్నానాలగదికి ఆరు, ఎడంచేతికి తాడు. మంచినీళ్ళకి కుడివైపు నాలుగు. ఈ ఇంట్లో ఆవిడకి నా సాయం అక్కర్లేదు. నేనే ఒక్కోసారి చీకట్లో తడబడతాను గానీ ఆవిడ తడబడరు.”

“మరి వేరే ఇంటికి వెళ్తే?”

“అదే కదండీ. పోయినేడు మా ఆడపడుచు ఇంటికి తీసుకెళ్ళాం, మూడు రోజులకి. మంచం దిగలేదు. లేవాల్సొస్తుందని మంచినీళ్ళు తాగడం మానేశారు. తిరిగొచ్చాక ఆ తాడు పట్టుకుని, ‘నాకు రెండోసారి కళ్ళు పోయి వచ్చినట్టుందే’ అన్నారు.”

“మరి ఇల్లెందుకు ఖాళీ చేస్తున్నారు?”

“ఇప్పుడు మేడమీదావిడ, ఈ ఇల్లు గలావిడ, ఖాళీ చెయ్యమంటోంది. మూడు నెల్ల కిందట చెప్పింది. ఎందుకండీ అంటే, ‘నా ఇల్లు, నా ఇష్టం.’ ఎనిమిదేళ్ళు! ఎదురుపడితే పది నిమిషాలు వదిలేది కాదు. ఇప్పుడు నా మొహం కూడా చూడదు. మెట్ల మీద నేను కనబడితే వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది.”

“మరి మీరింకా...”

“‘కొత్తవాళ్ళు కుదిరేదాకా ఉండండి, వచ్చినవాళ్ళకి ఇల్లు మీరే చూపించండి’ అంది. అంత మాట అనడమే పొరపాటైంది ఆవిడకి. నేను చూపిస్తున్నాగా!”

“అంటే చెమ్మ...”

“లేదు.”

“పాము?”

“ఉంటే ఉండొచ్చు. ఇన్ని చెట్లున్నాయి.”

“మీరు భలేవారండీ.”

“నవ్వండి, నవ్వండి. నాకు నవ్వొచ్చి చాలా రోజులైంది. మా ఆయన పొద్దున అయిదింటికి వెళ్తారు. బస్సు, రైలు, మళ్ళీ బస్సు. ఆ ఆఫీసు ఇదివరకు రైలు దిగగానే ఉండేది, రెండేళ్ళ కిందట ఊరి అవతలి కొసకి మార్చారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, కంచం ముందే కూర్చుని తూగుతారు. మొన్న రైల్లో నిద్రపోయి ఆఖరి స్టేషను దాకా వెళ్ళారు. అక్కడ ఊడ్చే ఆవిడ లేపిందట, ‘ఇక్కడితో అయిపోయింది, దిగు నాయనా’ అని.”

“ఆఫీసు దగ్గరే ఇల్లు చూసుకోవచ్చుగా?”

“చూసుకోవచ్చు. నాకు కూడా అక్కడ పని ఇస్తామన్నారు, లైబ్రరీలో. చదువుకుని ఎన్నాళ్ళయిందో... పోనిద్దురూ. ఆవిణ్ణి ఎలా కదిలిస్తాం?”

“ఆవిడతో ఆ మాట ఎప్పుడైనా అన్నారా?”

“ఛ! ఆయనేమో ‘ఈ గాలి వదిలి ఎక్కడికొస్తానమ్మా’ అంటారు. నేనేమో ‘ఈ చెట్లు లేకపోతే నాకేం తోచదత్తయ్యా’ అంటాను.”

“ఇందాకే చెట్లని దులిపేశారు!”

“నోరులేనివి కదా, పడతాయి. మనుషుల్ని అంటే ఊరుకుంటారా? టీచరుగారూ... ఒక్క మాట. మీకు ఇల్లు అవసరమే, నాకు తెలుసు. కానీ...”

“అవసరమంటే... మా అన్నయ్య ఇంట్లో ఉంటున్నాం, ఒక్క గదిలో నలుగురం. మా వదిన ఒక్క మాట అనదు. గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా పెడుతుంది.”

“అది మాటకన్నా ఎక్కువ.”

“పదమూడు ఇళ్ళు చూశాను. ఒకచోట బియ్యం బస్తా పట్టే గదిని పడగ్గది అన్నారు. ఇంకోచోట పిల్లలు గట్టిగా నవ్వకూడదన్నారు. బడి వదిలాక రోజూ ఇదే పని, కాళ్ళు వాచిపోయాయి. ఇక్కడికొచ్చి ఆ కిటికీ చూసి, ఇక చాలు, ఇదే అనుకున్నాను.”

“...అనుకున్నారా?”

“అనుకున్నాను. పోనీలెండి. పద్నాలుగోది చూస్తాను. చెమ్మ అని చెప్పండి. తూము కూడా కలపండి.”

“టీచరుగారూ, మీ మేలు...”

“అంత మాటలొద్దు. మీరలా అంటే నాకు ఏడుపొస్తుంది, అసలే నీరసంగా ఉంది.”

“రండి, ముందు గదిలో కూర్చుని మంచినీళ్ళు తాగండి. నేను పైకెళ్ళి, నచ్చలేదట అని చెప్పేసి వస్తాను. మీరు రాకండి. అబద్ధం మీ మొహానికి నప్పదు, ఇట్టే పట్టేస్తుంది. అత్తయ్యా, ఇప్పుడే వస్తా! పైన పనుంది!”

“మెల్లగా వెళ్ళవే, మోకాలు జాగ్రత్త!... వెళ్ళిందా అమ్మా?”

“వెళ్ళారండీ. మీరెందుకు లేచొచ్చారు? చెయ్యి ఇవ్వనా?”

“అక్కర్లేదు తల్లీ, కూర్చో. మెట్లు పదహారు. దాని మోకాలికి ఎక్కడానికో మూడు నిమిషాలు, దిగడానికో మూడు. మిషను నచ్చిందా?”

“ఆఁ... లేదండీ. అంత బాగాలేదు.”

“చెమ్మ పట్టిందా?”

“అదీ...”

“తూము మూసుకుపోతుందా? అందులో పాము కూడా ఉందా?”

“పెద్దమ్మగారూ, మీకు—”

“కళ్ళు పోయాయి గానీ చెవులెక్కడికీ పోలేదమ్మా. నువ్వు నాలుగోదానివి. మొదటావిడ జనాభా లెక్కలకొచ్చింది. రెండో అతను కరెంటు మీటరు చూడ్డానికొచ్చి, డబుల్ కాట్ ఎక్కడ పడుతుందని అడిగాడు. మూడోవాళ్ళు మొగుడూ పెళ్ళాం, దారి తప్పారట. దారి తప్పి వంటింటి దాకా వచ్చారు.”

“నవ్వించకండి, నేను అసలే...”

“బంగారంలాంటి పిల్ల. అన్నీ వచ్చు, అబద్ధమాడ్డమొక్కటీ రాదు. ఇంట్లో చెమ్మ లేదు. పొద్దస్తమానం గోడలు తడుముకుని తిరిగేదాన్ని, నాకు తెలీదూ? ఆ పాము తోటకి నీళ్ళు పెట్టే గొట్టం ముక్క. మా అబ్బాయి దాన్ని కర్రతో నాలుగు దెబ్బలు కూడా కొట్టాడు.”

“ఇదంతా మీకోసమే కదండీ ఆవిడ పడుతున్నది.”

“తెలుసమ్మా. అందుకే నిన్ను అడుగుతున్నా. ఇల్లు నీకు నచ్చిందా?”

“నచ్చితే మాత్రం... ఈ వయసులో మిమ్మల్ని ఇల్లు కదిలించడం నావల్ల కాదు. ఆ మేడమీదావిడకైనా జాలి ఉండొద్దూ? ఎనిమిదేళ్ళ పరిచయం, కారణం కూడా చెప్పకుండా—”

“ఆవిణ్ణేమీ అనకు తల్లీ. మూడు నెల్లుగా నోరు కుట్టేసుకుని మాటలు పడుతోంది. మా కోడలు ఎదురుపడితే ఏడ్చేస్తానేమోనని దాక్కుంటోంది. ఖాళీ చెయ్యమన్నది ఆవిడ కాదు.”

“మరి?”

“నేనే. ఆవిడ చేత అనిపించాను. ఒప్పుకోదే! వారం రోజులు బతిమాలాను.”

“...మీరా?”

“ఇంకేం చెయ్యను? పోదాం రా అంటే వినరు. వాడు గాలి అంటాడు, ఇది చెట్లంటుంది. ఇద్దరూ కూడబలుక్కున్నారు. నాలుగు నెల్ల కిందట ఓ ఆదివారం వాడు నా పక్కన కూర్చుని ఏదో చెప్తూ చెప్తూ మాట సగంలో నిద్రపోయాడు. చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు చుట్టూ నా వేళ్ళు కలుసుకున్నాయమ్మా. నా వేళ్ళు! చిన్నప్పుడు వాడి చెయ్యి ఇటుకలా ఉండేది.”

“అయ్యో పెద్దమ్మా...”

“వెళ్ళక తప్పదు అని పైవాళ్ళెవరో అంటే తప్ప కదలరు. నాకోసమే ఆగిపోయారా అని నేను అడిగితే ఒట్టేసి కాదంటారు. కాదనిపించి పాపం మూటగట్టుకోవడం దేనికి?”

“మరి కొత్త ఇంట్లో మీరెలా? మీ అమ్మాయింట్లో మంచం దిగలేదని, నీళ్ళు కూడా తాగలేదని...”

“అది కూడా చెప్పిందా? అప్పుడు నాకు నేర్చుకోవాలని లేదు. ఇప్పుడు నేర్చుకుంటున్నా. ఇది కూరగాయలకి వెళ్ళినప్పుడల్లా మేడమీదావిడ వచ్చి నన్ను పైకి తీసుకెళ్తుంది. ఓ గది మధ్యలో నిలబెట్టి, గుమ్మమెక్కడో పట్టుకోండి అంటుంది. ఏ రోజుకారోజు కుర్చీలు జరిపేస్తుంది, రాక్షసి. మొదట్లో ప్రతిదానికీ కొట్టుకున్నాను. గోడ దొరక్క ఓ రోజు నేలమీద చతికిలబడి ఏడ్చాను. నిన్న మాత్రం నాలుగు నిమిషాలు, అంతే. గుమ్మం దొరికింది.”

“భయం వెయ్యడం లేదా?”

“ఎందుకు వెయ్యదు? కానీ వాడు రావాల్సిన వేళకి రాకుండా, ఇక్కడ మంచమ్మీద కూర్చుని వీధి గేటు చప్పుడు కోసం చెవులొగ్గి ఉంటాను చూడు, దాని ముందు ఇదెంత? నువ్వు టీచరువి. పెద్దదాన్నని చూడకుండా చెప్పు, ఈ వయసులో ఒకటో తరగతిలో కూర్చుంటే చదువు రాదా?”

“...వస్తుందండీ. మెల్లగా వస్తుంది.”

“అదిగో, దిగుతోంది. దీంతో ఒక్క మాట అనకు. తెలిసిందంటే మళ్ళీ ఇద్దరూ ఇక్కడే కూలబడతారు. నా పని నేను చేశానమ్మా. ఇంక ఇల్లు కావాలనేవాళ్ళు ఒకళ్ళు కావాలి.”

“ఏంటత్తయ్యా, లేచొచ్చారు? కబుర్లలో పడ్డారా? అమ్మయ్య, చెప్పేశాను టీచరుగారూ. ఆవిడ మొహం వేలాడేసుకుంది గానీ, సరేలే అంది. అత్తయ్యా, ఈవిడకి మిషను నచ్చలేదట. పాపం ఇంత దూరం వచ్చి...”

“అయ్యో, అలాగా?”

“ఏవండీ...”

“చెప్పండి టీచరుగారూ. ఏమైంది, కళ్ళలో నీళ్ళేంటి?”

“ఏం లేదు. మీకు మోకాలు నొప్పని తెలుసు. అయినా ఇంకొక్కసారి పైకి వెళ్ళాలి మీరు. వెళ్ళి, ఇల్లు నాకు నచ్చిందని చెప్పాలి.”