ఇంజను కింద చక్రాలు

అమెరికాలోని బెంటన్‌విల్‌లో నిరుడు కొన్న ఇల్లు. గరాజ్‌లో అతను ముచ్చటపడి కొన్న పాత ఆయిలింజను కోసం చెక్క దూలాలకి చక్రాలు బిగిస్తున్నాడు. భార్య కాఫీ తెచ్చింది.

“ఈ చక్రాలేంటండీ? పెరట్లో సిమెంటు దిమ్మ పోసి, దాని మీద బిగిస్తానన్నారుగా?”

“ట్రాలీ అయితే ఎటైనా తోసుకెళ్ళొచ్చు.”

“మా నాన్నగారి పొలంలో ఇంజను దిమ్మ మీదే ఉండేది. నా పెళ్ళయ్యేదాకా అంగుళం కదల్లేదు.”

“అది మీ సొంత పొలం.”

“ఇదీ మన సొంత ఇల్లేగా! సిమెంటు బస్తాలేవి?”

“స్టోర్‌లో రిటర్న్ చేశాను.”

“ఎప్పుడు?”

“శుక్రవారం.”

“శుక్రవారం మేనేజర్‌తో మీటింగ్ అన్నారు.”

“అయింది. ఆ స్పానర్ ఇలా ఇవ్వు.”

“కాంట్రాక్ట్ ఎక్స్‌టెండ్ చేయలేదా?”

“లేదు. నెలాఖరు వరకే. రెడ్‌మండ్‌లో ఇంటర్వ్యూ ఉంది, వస్తే రెండు వేల మైళ్ళు మారాలి. ఇవాళ నీకు చెబుదామనే అనుకున్నాను.”

“కాఫీ చల్లారిపోతోంది, తాగండి.”

“కోపమా?”

“కోపమే. లాగడానికి ఈ అడ్డకర్ర ఇంత పొట్టిదేంటి?”

“లాగేది నేనొక్కణ్ణే కదా.”

“అని ఎవరన్నారు? ఊడదీసి, ఇద్దరం పట్టుకునేంత పొడుగుది వేయండి.”