హార్లన్ నమ్మిన గట్టరువాడు

ఏంటమ్మాయ్, మెడ పట్టేసేలా అలా పైకి చూస్తున్నావ్? గట్టర్లా? చూరంచున ఆ వాననీళ్ళ రేకు కాలవలు కారుతున్నాయా? కారక ఏం చేస్తాయ్, ఆ రెండు మేపుల్ చెట్లూ నీ ఇంటి కప్పు మీదే ఒళ్ళు విరుచుకుంటుంటే! చేతిలో ఆ కాగితం ఏంటి? తలుపుకి తగిలించి పోయారా? నా కళ్ళజోడు లోపలుంది, నువ్వే చదువు. ఆ... "నమ్మకమైన సేవ, నవ్వు మొహంతో." నవ్వు మొహంతోనా! చూర్లో కుళ్ళిన ఆకులు తియ్యడానికొచ్చినవాడు నవ్వేదేముంది మధ్యలో? ఇలా వచ్చి మెట్ల మీద కూర్చో. టెస్సా కదూ నీ పేరు? నువ్వు కొన్న ఈ ఇల్లు మొదట ఎవరిదో తెలుసా? అబ్బే, ఆ డ్రమ్ములు వాయించేవాడిది కాదు. వాడూ, వాడి ముందున్న ఆ పిల్లుల దంపతులూ లెక్కలోకి రారు. అసలు ఇల్లు హార్లన్ డైక్‌హౌస్‌ది. పోయి ముప్ఫయ్యేళ్ళు దాటుంటుంది. అంత అనుమానపు మనిషిని ఈ మిషిగన్ మొత్తంలో నేను చూళ్ళేదు, అంత సుళువుగా మోసపోయినవాణ్ణీ చూళ్ళేదు. ఇద్దరూ ఒక్కడే. అదీ విచిత్రం.

ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం ఆయనకి. ఏం ఉద్యోగమనుకున్నావ్? గాలికి కప్పు లేచిపోయిందనో, నేలమాళిగలోకి నీళ్ళొచ్చాయనో జనం మొత్తుకుంటూ డబ్బడుగుతారు కదా, ఈయన వెళ్ళి, ప్యాంటు జేబులో చేతులు పెట్టుకుని చుట్టూ ఓసారి తిరిగి, "ఇది మీ తప్పేనండీ" అని చెప్పి వచ్చేస్తాడు. అంతే పని. రిటైరయ్యాక ఆఫీసు వదిలింది గానీ ఆ రోగం వదల్లేదు. కిరాణా కొట్లో త్రాసు నమ్మడు. బస్సు డ్రైవరుకి దారి చెప్తాడు. మా లెస్టర్, మా ఆయన, పాపం కంచెకి రంగు వేసుకుంటుంటే అక్కడ నుంచుని, "బ్రష్షు అలా కాదు పట్టుకునేది" అంటాడు. లెస్టర్ ఆ బ్రష్షు ఆయన బూటు మీద కాస్త జారవిడిచాడు, అంతే. ఆయన భార్య ఆర్డిస్. బంగారం లాంటి మనిషి. మాట తక్కువ. తక్కువంటున్నాను గానీ, ఆ ఇంట్లో ఇంకొకళ్ళ మాటకి చోటెక్కడిదీ? పొద్దున్న గుడ్డు ఉడకబెడితే అది ఎలా ఉడకాలో ఆయన చెప్పాలి. ఆర్డిస్ "ఊఁ" అనేది. ఆ "ఊఁ"తోనే సంసారం నడిచిపోయింది. ఆవిడ తల్లి కూడా వాళ్ళ దగ్గరే ఉండేది, మంచం దిగలేని ముసలావిడ. వెనక గదిలో, అదే, ఇప్పుడు నువ్వు కంప్యూటరు పెట్టుకున్నావే, ఆ గదే.

ఏం చెప్తున్నాను? ఆ, గట్టర్లు. నడుం పట్టేసింది, నిచ్చెన ఎక్కావంటే ఊరుకోనని డాక్టరు చెప్పాడు ఆయనకి. ఇక మనిషిని పెట్టుకోవాలి. వచ్చినవాణ్ణల్లా వరండాలో నిలబెట్టి పరీక్ష. ప్రశ్నలు మంచివేలే, అది నేను కాదనను. నువ్వూ అడగాల్సినవే. నీ మనిషి నా ఇంటి మీంచి కింద పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? పైపైన ఆకులు ఊదేసి పోతావా, కిందకి దిగే గొట్టంలో నీళ్ళు పోసి అటునుంచి బయటికొస్తున్నాయో లేదో చూపిస్తావా? తీసిన చెత్త మూటగట్టి తీసుకుపోతావా, ఆర్డిస్ గులాబీల మీద పోస్తావా? అన్నీ సరైనవే. కానీ జవాబు వినేవాడు కాదు. ప్రశ్న ఆయనే వేస్తాడు, అవతలివాడు నోరు తెరిచేలోపు జవాబూ ఆయనే చెప్తాడు, ఆ జవాబు తప్పని కూడా ఆయనే తేలుస్తాడు! పాపం డార్లా అని ఒకావిడ వచ్చింది. ఈ భుజాలూ, ఇంత మనిషి, బూట్ల నిండా నల్ల మట్టి. సొంత బండి, సొంత నిచ్చెన. తిన్నగా వెళ్ళి నిచ్చెన గోడకి ఆనించిందో లేదో, ఈయన మొదలెట్టాడు. నీళ్ళు పారాలంటే గట్టరుకి వాలు ఎంతుండాలి, నీళ్ళ స్వభావమేంటి, వాళ్ళ నాన్న హాలండ్‌లో వరదలకి కట్టలు ఎలా కట్టేవాడు. డార్లా ఒక కాలు మెట్టు మీదా, ఒక కాలు నేల మీదా పెట్టి చాలాసేపే విన్నది. ఆఖరికి, "మిస్టర్ డైక్‌హౌస్, నేను పనికొచ్చాను, బడికి కాదు" అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఈయన మా గేటు దాకా వచ్చి, "చూశావా, నిలదీస్తే నిలబడలేకపోయింది" అన్నాడు. నాకెంత ఒళ్ళు మండిందో!

ఆ తర్వాత దిగాడు ర్యాండల్ ప్రూట్. మంచి ఇస్త్రీ చొక్కా, తలకి నూనె, నవ్వు మొహం, ఆ కాగితంలో రాసినట్టే. బూట్లు చూడాల్సిందమ్మాయ్, అద్దాల్లా మెరిసిపోతున్నాయ్. గట్టర్లు కడిగేవాడి బూట్లు! నేనైతే అక్కడే తలుపేసేదాన్ని. హార్లన్ మామూలుగానే వాలు గురించి ఎత్తుకున్నాడు. వీడేం చేశాడు? టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. "సార్, ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదు. మళ్ళీ ఓసారి చెప్తారా?" అన్నాడు. మళ్ళీ ఓసారిట! హార్లన్ మొహం చూడాలి అప్పుడు. ఆర్డిస్‌ని కేకేసి నిమ్మరసం తెప్పించాడు. మాకెవరికైనా ఎప్పుడైనా మంచినీళ్ళిచ్చాడా? ఆ పెద్దమనిషి అంతమందిని అడిగిన ప్రశ్నల్లో ఒక్కటి కూడా వీణ్ణి అడగలేదు. ఆ రోజు నుంచి ఏటా రెండుసార్లు, ఆకులు రాలాక ఒకసారీ, ఎండలొచ్చాక ఒకసారీ, బండి వేసుకుని వచ్చేవాడు. వరండాలో ఇద్దరూ కుర్చీలేసుకుని కూర్చోడం, ఈయన చెప్పడం, వాడు తలూపడం. నిచ్చెన బండి మీంచి దిగేది, గోడకి ఆనేది, సాయంత్రానికి మళ్ళీ బండి ఎక్కేది. మనిషి మాత్రం దాన్ని ఎక్కగా నేను చూళ్ళేదు.

నాకెలా తెలుసంటావా? మా మేడ మీద పడగ్గది కిటికీ లేదూ, అక్కడ నుంచుంటే మీ వెనక గట్టరు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. మేపుల్ గింజలు, ఆ రెక్కల గింజలు, గిరగిరా తిరుగుతూ వచ్చి అందులో పడతాయి. మట్టి పేరుకుంది, మొలకలొచ్చాయి. మరుసటేడు అవి మొక్కలయ్యాయి. పిచ్చుకలు వచ్చి వాలేవి. వెళ్ళి చెప్పాను, నా నోరు ఊరుకోదు కదా. "హార్లన్, నీ చూర్లో తోట పెరుగుతోంది, నీ మనిషి పైకెక్కట్లేదు" అన్నాను. "నువ్వు దూరం నుంచి చూస్తున్నావ్, దూరం నుంచి చూసేవాళ్ళకి అన్నీ మొక్కల్లాగే కనిపిస్తాయి. ర్యాండల్ ఈ జిల్లాలో నాకు తెలిసిన ఒకే ఒక్క నిజాయితీపరుడు" అన్నాడు. ఇక ఏం చెప్తాం? పోనీ ఆర్డిస్‌కి చెప్తే, ఆవిడ ఓసారి అడిగింది, ఆ పూటంతా ఆవిడకి కూడా వాలు పాఠం చెప్పాడు.

ఒక ఏడు మార్చిలో, మంచు కరిగే రోజులు. పైన మంచు కరిగి నీళ్ళు గట్టర్లోకి రావడం, అక్కడ దారి లేక వెనక్కి తన్ని గోడల్లోకి దిగడం. ఎన్నాళ్ళనుంచి దిగుతోందో. వెనక గది పైకప్పు, అదే నీ కంప్యూటరు గది, తడిసి తడిసి ముద్దయి, ఒక మధ్యాహ్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడింది. తిన్నగా ముసలావిడ మంచం మీద. ఆవిడ లేదమ్మా, లేదు, కంగారుపడకు. తల దువ్వుతానని ఆర్డిస్ అప్పుడే చక్రాల కుర్చీలో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ చప్పుడికి నేను పరిగెత్తుకెళ్ళాను. దిండు కనపళ్ళేదు. సున్నం పెళ్ళ, చెక్క ముక్క, దాన్లోంచి పైకి లేచిన ఒక మేకు. ఆర్డిస్ చేతిలో దువ్వెన అలాగే ఉంది. ముసలావిడ మాత్రం, "ఏం పడింది? ఎవరైనా వచ్చారా?" అని అడుగుతూనే ఉంది.

హార్లన్‌కి ఏ బెంగా లేదు. "ఇన్సూరెన్స్ ఉంది కదా, నేను పనిచేసిన కంపెనీయే" అన్నాడు. వాళ్ళు ఒక అమ్మాయిని పంపారు, నీ వయసే ఉంటుంది. ఆ పిల్లకి కూడా వాలు గురించి మొదలెట్టాడు. ఆ పిల్ల "ఒక్క నిమిషం సార్" అని నిచ్చెన అడిగి, తనే ఎక్కింది. దిగేటప్పుడు చేతిలో ఒక మేపుల్ మొక్క, మోకాలెత్తుంటుంది, వేళ్ళతో సహా పెరికింది. దాన్ని తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. ఆ వేళ్ళు గట్టరు ఆకారంలోనే పెరిగాయమ్మాయ్, పొడుగ్గా, చదరంగా. హార్లన్ దాన్ని చూసి ఏమన్నాడో తెలుసా? "ఇది ఈ వారంలో మొలిచుంటుంది" అన్నాడు. ఈ వారంలోట! ఆ పిల్ల నవ్వలేదు, నేనైతే ఆపుకోలేకపోయాను. "గట్టర్లు శుభ్రం చేయించుకోకపోవడం వల్ల జరిగింది, ఇది మీ తప్పేనండీ, మేం ఇవ్వలేం" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆయన ఎంతమందితో అన్నాడో ఆ మాట. ఒక్కసారి వినాల్సొచ్చేసరికి కుర్చీ వెతుక్కున్నాడు. అప్పుడు ఆర్డిస్ ఆ మొక్క బల్ల మీంచి తీసింది. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు, ఆవేళా పెంచలేదు.

"హార్లన్, మా అమ్మ తల ఆ దిండు మీద ఉండేది" అంది. అంతే. మొక్క చెత్తబుట్టలో పారేసి, ఫోను తీసి డార్లాకి చేసింది. నంబరు ఆవిడకి నోటికొచ్చు, చూడు! డార్లా ఒక్క షరతు పెట్టింది. "నేను పని చేస్తున్నంతసేపూ ఆయన ఇంట్లోంచి బయటికి రాకూడదు." ఆర్డిస్ సరేనంది. ఆయన కర్టెన్ వెనక నుంచుని చూశాడు. డార్లా బకెట్లకి బకెట్లు నల్ల బురద దింపింది, గొట్టంలో నీళ్ళు పోసి కింద నుంచి వచ్చేదాకా కూర్చుంది, ఆర్డిస్‌ని పిలిచి పైన ఎక్కడ తుప్పు పట్టిందో నిచ్చెనెక్కించి మరీ చూపించింది. నేను చప్పట్లు కొట్టాను మా కిటికీలోంచి.

ఎండలొచ్చాయి. ఏమీ ఎరగనట్టు ర్యాండల్ బండి వచ్చి ఆగింది. నేను చీపురు పట్టుకుని బయటికొచ్చేశాను, ఊడవడానిక్కాదు, చూడ్డానికి. ఆర్డిస్ వరండాలో అడ్డంగా నుంచుని, "ఎప్పుడైనా ఎక్కావా పైకి?" అని అడిగింది. వాడు తన బూట్లు చూసుకున్నాడు. "మొదటిసారి ఎక్కానండీ, సగం దాకా. నాకు ఎత్తంటే భయం. ఆ తర్వాత సార్ మాట్లాడుతుంటే పొద్దు గడిచిపోయేది" అన్నాడు. ఎత్తంటే భయంట, గట్టర్లు కడిగేవాడికి! అలాంటివాడు పొలంలో బంగాళాదుంపలు తవ్వుకోవాలి గానీ! కర్టెన్ కదిలింది. హార్లన్ బయటికి రాలేదు. ఆ రోజు తర్వాత ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదమ్మాయ్. కంచె దగ్గరికి రాడు, బ్రష్షు ఎలా పట్టుకోవాలో చెప్పడు. వీధంతా హాయిగా ఊపిరి పీల్చుకున్నాం, అబద్ధమెందుకు? ఆర్డిస్ మాత్రం ఓ రోజు కంచె దగ్గర నుంచుని, "గుడ్డు రాయిలా ఉడికిపోయినా ఏమీ అనట్లేదు" అంది. "అదృష్టవంతురాలివి" అన్నాను నేను. ఆవిడ నావైపు అదోలా చూసింది.

మరుసటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట, రెండూ పోయాయి. ఆ మాట మీదే బతికిన మనిషికి! చూడ్డానికి ఎవరూ రాలేదు. ఎవరొస్తారు, ఎవరితో మంచిగా ఉన్నాడు గనక? అప్పుడు ఓ మంగళవారం చూద్దును కదా, ర్యాండల్ బండి. నిచ్చెన లేదు దాని మీద. నేను చీపురుతో సహా లోపలికే వెళ్ళాను. "ఆర్డిస్, మతిపోయిందా? మీ అమ్మని చంపబోయినవాణ్ణి మళ్ళీ ఇంట్లోకి పిలుస్తావా?" అన్నాను. ఆవిడ క్యారెట్లు తరుగుతూ, "నేనే పిలిచాను, డబ్బిచ్చే పిలిచాను. గట్టర్లకి డార్లా ఉంది" అంది. డబ్బిచ్చి! సిగ్గూశరం లేకుండా పుచ్చుకున్నాడు కూడా, వారం వారం వచ్చి. ఛీ. అలాంటివాళ్ళకి...

ఓసారి సూపు పట్టుకెళ్ళాను. వీడు మంచం పక్కన కుర్చీ వేసుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, "సార్, మంచు ఎక్కువ పడే చోట వాలు కాస్త పెంచాలా, తగ్గించాలా?" అని అడుగుతున్నాడు. అడిగి ఆగాడు. హార్లన్ పెదాలు కదిలిస్తున్నాడు, ఏదో గరగర, ఒక్క ముక్క అర్థం కాదు. చాలాసేపు పట్టింది. నాకైతే చేతిలో గిన్నె కాలుతోంది. వీడు ముందుకి వంగి అలాగే వింటున్నాడు, కదలకుండా. ఆ గరగర అయిపోయాక, "మళ్ళీ ఓసారి చెప్తారా సార్?" అన్నాడు. హార్లన్ మళ్ళీ మొదలెట్టాడు...

వాడు దొంగేనమ్మాయ్. నేనేం మార్చుకోను ఆ మాట. దొంగ దొంగే. ... అదిగో, పోస్టు బండి మలుపు తిరిగింది. నీ కుక్కని పట్టుకో, పోయినసారి ఆ పిల్లాడి ప్యాంటు చింపింది.