రెండు నెలల్లో నాలుగో ఫిల్టరు

పాత డ్రైవింగ్ స్కూలు కారు జాకీల మీద ఉంది. దాని కింద పడుకుని పని చేస్తున్నది మెకానిక్ అమ్మాయి. పక్కన స్టూలు మీద కూర్చున్నది కారు యజమాని, ఒకప్పుడు ఆమెకు డ్రైవింగ్ నేర్పిన మాస్టారు.

“అయిపోయింది మాస్టారూ. రేపు మీరు నిశ్చింతగా వెళ్ళొచ్చు.”

“అప్పుడేనా?”

“అప్పుడేనా అంటారేంటి? కారు నా దగ్గరికొచ్చి వారం అయింది.”

“అదేలే. వారం పట్టిన రోగం కదా, ఇంకోసారి చూసుకుంటే మంచిదని. పంపు చూశావా?”

“చూశాను. తాళం తిప్పగానే వెనక సీటు కింద జుయ్‌మని మోగుతోంది.”

“ఇంజెక్టర్లు?”

“నాలుగూ శుభ్రంగా ఉన్నాయి.”

“పైపులు? అవి బాగా పాతవి. ఎక్కడో కారుతున్నాయి. పెట్రోలు వాసన వస్తోంది నాకు.”

“ఆ వాసన నా చేతులది. పైపులు కొత్తవి, క్లిప్పులు కొత్తవి. ట్యాంకు దించి, కడిగి, ఆరబెట్టి ఎక్కించాను. ఎడమ పక్క మీ పాత బ్రేకు కూడా సరిచేశాను.”

“మాస్టారు బ్రేకా? స్కూలు మూసి ఏడాదైంది. ఇంక ఈ కార్లో నేర్చుకునేవాళ్ళెవరు?”

“ఉండనివ్వండి, పనికొస్తుంది. అన్నట్టు ట్యాంకు మూతకి తాళం కూడా పెట్టాను.”

“తాళమా! ఎందుకు? చెవేదీ?”

“నా దగ్గరుంది.”

“నా కారు తాళంచెవి నీ దగ్గరెందుకు?”

“రేపు పొద్దున ఇస్తాను. మాస్టారూ, నాకొకటి అర్థం కావట్లేదు. కారు బాగైందంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మీరేమో కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు.”

“దాన్ని జాగ్రత్త అంటారు. కార్లో మా ఆవిడుంటుంది, మనవరాలుంటుంది. హైవే మీద రెండు గంటల దారి. మధ్యలో ఆగిపోతే?”

“పాప ఈత పోటీ ఎన్నింటికి?”

“పదింటికి. ‘తాతయ్యా, నువ్వే తీసుకెళ్ళాలి, నువ్వే తీసుకెళ్ళాలి’ అని ఒకటే పాట. ఊళ్ళో సగం మందికి మా తాతయ్యే కారు నేర్పాడని క్లాసంతా చాటింపు వేసిందిట.”

“నిజమే కదా.”

“నిజమేలే. అందుకే చెప్తున్నా, ఏ కాస్త అనుమానం ఉన్నా చెప్పేయ్. బస్సులో పోతాం. బస్సుకేం, బ్రహ్మాండంగా ఉంటుంది. నువ్వు పాపకి ఫోన్ చేసి ‘కారు కదలదమ్మా’ అని ఒక్క మాట చెప్పు చాలు.”

“కదిలే కారుని కదలదని ఎలా చెప్పను?”

“రెండు నెలల్లో మూడు ఫిల్టర్లు మింగింది అమ్మాయ్ అది! ఈ నాలుగోది మింగదని ఏంటి నమ్మకం?”

“ఆ, ఇప్పుడు దారికొచ్చారు. ఫిల్టరు ఎందుకు మూసుకుపోతుంది మాస్టారూ?”

“తాతకు దగ్గులు నేర్పుతున్నావా?”

“లేదు, మీ పాఠమే మీకు అప్పజెబుతున్నా. పంపు ట్యాంకులోంచి పెట్రోలు లాగి ఫిల్టరుకి తోస్తుంది. ఫిల్టరు చెత్తంతా కడుపులో దాచుకుని, శుభ్రమైనదే ఇంజనుకి పంపిస్తుంది.”

“ఇంటి ఇల్లాల్లాగా అని కూడా చెప్పేవాణ్ణి.”

“చెప్పేవారు. ట్యాంకు అడుగంటనివ్వకు, కిందున్న మడ్డిని పంపు లాగేస్తుంది అనేవారు. కారు మొరాయించేదాకా ఆగకు, టైముకి ఫిల్టరు మార్చు అనేవారు. అలా చూసుకుంటే ఏళ్ళ తరబడి రావాల్సింది, మీ కారుకి పదిహేను రోజులు కూడా రావట్లేదు. ఎందుకంటారు?”

“కల్తీ పెట్రోలు.”

“నేనూ అదే అనుకున్నా. రెండోసారి బంకాయన దగ్గరికెళ్ళి చెడామడా తిట్టొచ్చాను.”

“అయ్యయ్యో! వాణ్ణెందుకు తిట్టావ్? పాపం, వాడేం చేశాడు?”

“కల్తీ అని మీరేగా అన్నారు!”

“కల్తీ అయి ఉండొచ్చు అన్నా. తిట్టమన్నానా?”

“ఆయన సీసాలో పట్టి చూపించాడు. అద్దంలా ఉంది పెట్రోలు. తర్వాత ట్యాంకు తుప్పేమో అనుకున్నా. తుప్పైతే ఎర్రగా ఉండాలిగా. ఇక లాభం లేదని ఈసారి పాత ఫిల్టరుని రంపంతో కోసి చూశాను. లోపలంతా తెల్లగా ఉంది. మెత్తటి తెల్ల పొడి.”

“దుమ్మయి ఉంటుంది.”

“తెల్ల దుమ్మా?”

“రోడ్డు పనులు జరుగుతున్నాయిగా. అవునూ, టైమెంతయింది?”

“మీ చేతికి వాచీ ఉంది కదా.”

“ఉంది. ఆగిపోయినట్టుంది.”

“టిక్కుటిక్కుమని నాక్కూడా వినపడుతోంది మాస్టారూ.”

“నీ చెవులకేం, పాముచెవులు. సరే, ఇక కారు దించు.”

“దించుతాలెండి. ముందు ఇది పట్టుకోండి. మొన్న తీసేసిన ఫిల్టరు, కోసిన దాంట్లో పెద్ద ముక్క. అంచు గీసుకుంటుంది, జాగ్రత్త. మీరు నేర్పిన అలవాటే, బిగించేటప్పుడు తారీఖు, మీటరు రీడింగు పెయింటుతో దానిమీద రాస్తాను. ఎన్ని కిలోమీటర్లకే చచ్చిందో మీరే చూడండి.”

“ఊఁ. చూశా. చాలా తక్కువ తిరిగింది.”

“చదవండి.”

“అదే, పోయిన నెల... పన్నెండో తారీఖు. రీడింగు అరవై ఎనిమిది వేల చిల్లర.”

“చిల్లరెంత?”

“చిల్లరతో మనకేం పనమ్మాయ్?”

“మాస్టారూ, దానిమీద అంకె ఒక్కటి కూడా లేదు.”

“మరేముంది?”

“‘సున్నం ఎందుకు పోశారు?’ అని ఉంది. పాతది చెరిపేసి, బొటనవేలంత అక్షరాలతో ఇందాకే రాశాను.”

“సున్నమని ఎలా తెలిసింది?”

“గ్రౌండులో మీరు సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద బండి తిప్పలేక ఏడ్చింది నేనే కదా. ఆ పొడి నాకు తెలీదా? తడిచేత్తో ముట్టుకుంటే చుర్రుమంది.”

“స్కూలు మూసేటప్పటికి ఒక సంచి మిగిలిపోయింది. ఎంతో కాదు, ట్యాంకులో గుప్పెడే పోసేవాణ్ణి.”

“గుప్పెడా! ఇంజన్ పాడైపోయేది తెలుసా!”

“ఫిల్టరు ఆపుతుందిగా. ఆ పైన నువ్వున్నావుగా.”

“ఎప్పటినుంచి కళ్ళు కనపడట్లేదు?”

“ఆరు నెలలైంది. పొరలొచ్చాయి. ముందు మంచు పట్టినట్టుండేది, ఇప్పుడు మొత్తం పొగే. ఎర్ర లైటు నాకు కనపడదు. పక్క బండి ఆగితే నేనూ ఆగేవాణ్ణి. ఒకరోజు పక్కన బండి లేదు. సైకిలు మీద ఒకాయన... జానెడు దూరంలో ఆపాను. ఆయన తిట్టలేదు కూడా. సైకిలు పక్కకి తీసి నాకే దారిచ్చాడు పాపం. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మొదటి గుప్పెడు పోశాను.”

“ఆ తర్వాత?”

“ఎక్కడికైనా వెళ్దామని ఇంట్లో అన్నప్పుడల్లా ఇంకో గుప్పెడు.”

“ఇంత నాటకం ఎందుకు? నాకు కనపడట్లేదని చెప్తే పోయేది కదా.”

“ఎవరికి చెప్పను? నీకా? ‘ముందు చూడు, అద్దం చూడు, కళ్ళు నెత్తికెక్కాయా’ అని నలభై ఏళ్ళు ఊరందరి మీదా అరిచాను. కారు చెడిందంటే చెడ్డపేరు కారుకి. నాకు కనపడదంటే? ఆ పిల్ల క్లాసులో ఏం చెప్పుకుంటుంది? సిగ్గేసిందమ్మా. అంతే. సిగ్గూ, భయమూ.”

“నా మీద అరిచింది మాత్రం బాగా గుర్తుంది. ఆ అరుపుల వల్లే ఇన్నేళ్ళలో ఒక్కరికీ గీత కూడా పడలేదు నా బండితో. డాక్టరు ఏమన్నాడు?”

“ఆపరేషన్ అన్నాడు. కంట్లో కత్తి పెడతాడట.”

“ఫిల్టరు మూసుకుపోతే ఏం చెయ్యాలి?”

“మార్చాలి.”

“మొరాయించేదాకా ఆగాలా?”

“ఆగకూడదు, టైముకి... ఏయ్! నా పాఠం నాకే చెప్తున్నావా?”

“ఎవరో ఒకరు చెప్పాలిగా. మసకబారిన అద్దం తీసి కొత్తది పెడతారు. నేను ఇక్కడ ఫిల్టరు మార్చినంతసేపు కూడా పట్టదు.”

“సర్లే, చేయించుకుంటా. నువ్వు కూడా రావాలి. కానీ రేపటి మాటేంటి? దానికి మాటిచ్చాను. ఇప్పుడు బస్సంటే ఎందుకూ అంటుంది. కారు బాగైపోయిందాయె.”

“రేపటి సంగతి నాకొదిలేయండి. కారు దించేశాను. ఎక్కి కూర్చుని ఇంజన్ మోత వినండి. దానికి కళ్ళక్కర్లేదు.”

“అంతేలే, చెవులైనా మిగిలాయి. ఇదిగో... అబ్బా! ఇదేంటి, మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకుంటున్నాయి! నా సీటు ఇంత ముందుకి ఎవరు జరిపారు?”

“ఎవరో జరిపుంటారు.”

“ఎవరో అంటే? నువ్వైతే తాటిచెట్టంత ఉన్నావ్. ఇదెవరో పొట్టివాళ్ళ పని. వెనక అద్దం కూడా కిందికి వంచారు, చేతికి తెలుస్తోంది. ఆగాగు. గంటలో అయ్యే పనికి ప్రతిసారీ వారం వారం ఎందుకు ఉంచుకున్నావ్ కారుని?”

“అదీ... పార్టు రావడం లేటయి...”

“అబద్ధం! ఈ గొంతు నాకు తెలుసు. అద్దం చూడకుండా చూశానన్నప్పటి గొంతు ఇది.”

“దొరికిపోయాను. పిన్నిగారూ! ఇక లోపలికి రండి. ఒప్పేసుకున్నారు.”

“ఎవరూ? మా ఆవిడా? నువ్వెప్పుడొచ్చావే?”

“సైకిలాయన దగ్గర్నుంచీ వింటున్నానండీ.”

“అయితే నా కళ్ళ సంగతి...”

“అది ముందే తెలుసు. ఎదురింటివాళ్ళు తీగమీద ఆరేసిన కోటుకి నమస్కారం పెట్టి, ఒంట్లో ఎలా ఉందని అడిగారు చూడండీ, ఆ రోజే తెలిసింది.”

“మరి అడగలేదేం?”

“మీరే చెప్తారని చూశాను. ఈలోగా ఊరుకోవడం ఎందుకని ఈ అమ్మాయి దగ్గరికొచ్చాను.”

“మాస్టారూ, మొదటిసారి కారు ఇక్కడికి రాగానే వచ్చారు పిన్నిగారు. ఎవరికీ చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నారు. నేనేం చెయ్యను?”

“దేనికొచ్చింది అమ్మాయ్? నాకేం అంతుపట్టట్లేదు. మీ ఇద్దరూ తర్వాత గుసగుసలాడుకుందురుగాని, ముందు ఇది చెప్పండి. రేపు పాపని ఎవరు తీసుకెళ్తారు? ఈ కారు ఎవరు నడుపుతారు?”

“ఊరందరికీ నేర్పారు, నేనడిగితే మాత్రం ‘నీకెందుకే, నేనున్నానుగా’ అన్నారు. అందుకే ఈ అమ్మాయి దగ్గర నేర్చుకున్నా, మొన్ననే లైసెన్సు వచ్చింది. సంచిలోంచి గుప్పెళ్ళు మీరు ట్యాంకులో పోశారు, మిగతా సున్నంతో మేం గ్రౌండులో ఎనిమిది గీసుకున్నాం. ఇక లేవండి, ఎడమ పక్కకెళ్ళి కూర్చోండి. ఆ సీటు నాది.”