నదిని చెరిపేసిన సోషల్ మాస్టారు

బడి ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర సోషల్ మాస్టారు నోరు విప్పాడంటే గ్లాసుల్లో టీ చల్లారాల్సిందే. ఆ సంగతి తెలిసి కూడా ఆ సాయంత్రం లెక్కల మేడమ్ బెంచీ చివర కూర్చుని, ఒళ్లో నోటుబుక్కు తెరిచి పెట్టుకుంది. ఆవిడకి వేరే దారి లేదు. మేడమీద గదిలో నెల కిందట గోడకి బిగించిన డిజిటల్ బోర్డు మీద రేపు పదింటికి ఆవిడ పాఠం చెప్పాలి, తనిఖీకి వచ్చే అధికారి వెనక కూర్చుని చూస్తాడు. చెప్పలేకపోతే ఎనిమిదో తరగతి వేరేవాళ్లకి ఇచ్చేస్తానని హెడ్‌మాస్టర్ మొహం మీదే అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా వట్టి సుద్దముక్కతో చక్కగా వృత్తం గీసిన చెయ్యి ఆవిడది. ఆ పిల్లల ముందు చేతకానిదానిలా నిలబడాలంటే ఏడుపొస్తోంది. మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చింది సోషల్ మాస్టారొక్కడే. గది తాళంచెవి కూడా ఆయన జేబులోనే ఉంది.

"ఏం లేదు మేడమ్, మొదటిరోజు నేను గీసింది ఒక్క గీత, వేలితో ఇలా అడ్డంగా, అంతే. చెయ్యి కాస్త వణికి గీత వంకర పోయింది. పోతే ఏం, బోర్డే దాన్ని తిన్నగా సర్దేసుకుంది."

ఒకటి, వేలితో గీత, అని మేడమ్ రాసుకుంది. ఇది నిజమే అయ్యుండొచ్చు, వేరే బళ్లో పాఠాలు చెప్పే తన కోడలు కూడా ఇలాంటిదేదో చెప్పింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సైన్సు టీచరు సెలవు పెడితే ఆవిడ క్లాసూ నేనే తీసుకున్నా. గుండె బొమ్మ వేసి రెండుసార్లు తట్టానో లేదో, అది కొట్టుకోవడం మొదలెట్టింది. ముందు బెంచీ పిల్ల లేచి, సార్, మిమ్మల్ని చూసి భయపడుతున్నట్టుంది, కాస్త పక్కకి జరగండి అంది. జరిగాను. నెమ్మదించింది."

రెండు, తట్టాలి. మూడు, పక్కకి జరగాలి. మూడోది రాస్తుంటే మేడమ్‌కి అనుమానం వచ్చింది. పిల్లలెవరూ ఇంట్లో గానీ తనతో గానీ ఈ మాటే ఎత్తలేదేమని అడిగింది. మూడు రోజులు వాళ్ల నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోతే ఇంక చెప్పేదెలాగని మాస్టారు ఎదురు అడిగాడు. అదీ నిజమే కాబోలు అనుకుంది ఆవిడ.

"ఇంకా వినండి. మ్యాపు తీసి రెండు వేళ్లతో సాగదీశాను. దేశం వచ్చింది, ఇంకా సాగదీస్తే ఊరు, ఇంకా సాగదీస్తే మన బడి, మేడమీద గది, కిటికీ. కిటికీలోంచి చూద్దును కదా, ఎవరో బట్టతలాయన మ్యాపు సాగదీస్తున్నాడు. ఎవరా అనుకున్నా, నేనే! ఆ బట్టతల మీద వేలితో గోకితే ఇక్కడ నా నెత్తికి ఎంత హాయిగా ఉందో."

"అంత వీలున్నప్పుడు కాస్త జుట్టు గీసుకోకపోయారా మాస్టారూ," అన్నాడు టీ కాచే బాబాయ్.

మాస్టారు అది విననట్టే ముందుకు సాగాడు. "ఊరి పేరు కనపడకుండా నది అడ్డొస్తోందని అరచేత్తో ఇలా తుడిచేశాను. మంగళవారం మీ కుళాయిల్లో నీళ్లొచ్చాయా? చెప్పండి."

రాలేదని బాబాయ్ ఒప్పుకున్నాడు. గుర్తొచ్చి సాయంత్రం కంగారుగా మళ్లీ గీస్తే ఒక పాయ ఎక్కువ పడిందట, బుధవారం రోడ్డు మీద నీళ్లు అందుకేనట. బుధవారం ఆ నీళ్లలో మేడమ్ చెప్పులు తడిసిన మాటా నిజమే. ఆవిడకి తల తిరిగిపోయింది. నోటుబుక్కులో పదకొండు అంకెలు పడ్డాయి, ఏది పాఠమో ఏది కోతో తెలియడం లేదు.

"ఇవన్నీ సరే మాస్టారూ. ముందు దాన్ని ఆన్ చేసేదెక్కడ?"

"ఎడమ పక్కన, గోడకి, ఎర్ర స్విచ్చు. చీకట్లో కూడా నా వేలు దాని మీదికే పోతుంది."

బెంచీ రెండో చివర, కాళ్ల దగ్గర వైరు చుట్ట పెట్టుకుని ఇంతసేపూ బిస్కెట్ ముంచుకుని తింటున్న ఎలక్ట్రీషియన్ చేతులు దులుపుకున్నాడు. "సార్, ఆ గదిలో బోర్డు దగ్గర కరెంటు పాయింటే లేదని మీ హెడ్‌మాస్టర్ ఇప్పుడు పెట్టమని పంపారు. తాళం మీ దగ్గరుందన్నారు. మరి ఎడమ పక్కనే పెట్టమంటారా?"

బంకులో ఎవరూ నవ్వలేదు. మాస్టారు తాళంచెవి తీసి బెంచీ మీద పెట్టాడు. మేడమ్‌కి ఒళ్లు మండిపోయింది, రేపటి గండం పెట్టుకుని తను ఎవరి కోతలు రాసుకుంటూ కూర్చుంది! కానీ ఆయన చెయ్యి వణకడం చూసింది. చెయ్యి వణికిందన్న మాటొక్కటీ నిజమేనని అప్పుడర్థమైంది. శిక్షణలో వెనక వరసలో కూర్చున్నానని, అడిగితే కుర్ర టీచర్లు నవ్వుతారని మూడు రోజులూ నోరెత్తలేదని ఆయన గ్లాసులోకి చూస్తూ గొణిగాడు.

మేడమ్ నోటుబుక్కులో ఆ పదకొండు అంకెలూ కొట్టేసింది. తాళంచెవి తీసుకుని లేచింది.

"కుడి పక్కన పెట్టు నాయనా, నా చేతికందేలా," అని, నిలబడే కొత్త పేజీలో రాసింది. ఒకటి, స్విచ్చు, కుడి పక్క.

సోషల్ మాస్టారు మెడ చాచి ఆ పేజీలోకి చూశాడు.

"రెండోది ఏంటి మేడమ్?"