ఇంకాస్త వెనక్కి

నా పేరు అర్డిస్ క్విగ్లీ. వయసు డెబ్బై ఒకటి. మా ఆయన పేరు లొవెల్ క్విగ్లీ. నెబ్రాస్కాలో ఒక బడి వంటశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండి రిటైరయ్యాను. చిరునామా చెప్పమంటే వీధీ లేదు, ఇంటి నంబరూ లేదు. ఉన్న ఇల్లు అమ్మేసి తొమ్మిదేళ్లుగా మోటార్‌హోమ్‌లోనే కాపురం ఉంటున్నాం. ముప్పై ఎనిమిది అడుగుల బండి. మంచం, పొయ్యి, స్నానాల గది, మా పెళ్లినాటి గోడ గడియారం అన్నీ అందులోనే. ప్రస్తుతం ఆ ఇల్లు టామరాక్ బెండ్ క్యాంపు గ్రౌండ్‌లో, పద్నాలుగో నంబరు స్థలంలో, సగం లోపలా సగం బయటా ఉంది. ఈ కొండల పార్కులో రేంజరు అయిన టెస్ హాల్వర్సన్ గారి ఎదుట, ఆమె ఆఫీసులో, సెప్టెంబరు పన్నెండో తేదీ ఉదయం ఈ మాటలు చెబుతున్నాను. నన్నెవరూ పిలవలేదు. నేనే వచ్చాను.

ఎందుకు వచ్చానంటే, మా ఆయన నిన్న సాయంత్రం ఇదే కుర్చీలో కూర్చుని మీకు అబద్ధం చెప్పాడు. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కానన్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి తన నోటితో తాను ఆ మాట అంటే లైసెన్సు ఉంటుందా? లైసెన్సు పోతే మా ఇల్లు ఇక కదలదు. ఆయన పాదం ఏ తప్పూ చేయలేదు. నలభై ఏళ్లు ధాన్యం లారీలు నడిపిన పాదం అది. తప్పు చేసింది నా చెయ్యి. అది రాసుకోండి.

మా కాపురంలో బండి నడపడం ఆయన పని, చోటు వెతకడం నా పని. ఈ కొండల్లో చోటు వెతకడం ఆషామాషీ కాదు. ఇక్కడి క్యాంపు గ్రౌండ్లు మా అమ్మానాన్నల కాలంలో గుడారాల కోసం, చిన్న బళ్ల కోసం చెట్ల మధ్య వేసినవి. మలుపులు ఇరుకు. కొమ్మలు నెత్తి మీదే ఉంటాయి. మాలాంటి పొడుగు బండి పట్టే స్థలాలు ఏ పార్కులోనైనా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆరు నెలల ముందు, పొద్దున్నే బుకింగు తెరిచిన క్షణంలో పట్టుకోవాలి, కాఫీ కలుపుకుని వచ్చేలోగా అయిపోతాయి. పైగా బండి పొడవంటే కంపెనీవాడు రాసిన పొడవు కాదు. వెనక సైకిళ్ల చట్రంతో సహా టేపు పెట్టి కొలవాలి. అది తెలియని కొత్తవాళ్లు వచ్చి మలుపులో ఇరుక్కుంటారు. అలాంటివాళ్లను చూసి నేను చాలాసార్లు నవ్వాను. "ఇల్లంతా కొండ మీదికి తెచ్చేశారు, కొండ ఒప్పుకోవాలి కదమ్మా" అని ఒకావిడను ఏడిపించాను కూడా. నేను వెతికిన చోట మా బండి పట్టకపోవడం తొమ్మిదేళ్లలో ఒక్కసారీ జరగలేదు. నిన్నటిదాకా.

ఇప్పుడు కళ్ల సంగతి. రెండేళ్లుగా నాకు చూపు మందగించింది. గుడ్డిదాన్ని అని రాయకండి, చూపు మందగించింది అని రాయండి. చుట్టూ కనబడుతుంది, నడుమ కనబడదు. మీ వంక చూస్తే మీ చెవులూ టోపీ అంచూ ఉంటాయి, ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ ఉంటుంది. దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. ఇది తగ్గేది కాదని డాక్టరు చెప్పిన రోజున లొవెల్ గది బయట కూర్చుని ఉన్నాడు. "ఏమన్నాడు?" అని అడిగాడు. "కొత్త కళ్లద్దాలు రాశాడు" అన్నాను.

ఎందుకు దాచానంటే, ఆయనకు కొండలంటే ప్రాణం. చదును నేల మీద పుట్టి, బతుకంతా చదును నేల మీదే లారీ తోలిన మనిషి. పొద్దున్నే కిటికీ తెర తీస్తే మంచుకొండ కనబడాలి, అంతే, చిన్నపిల్లాడైపోతాడు. నాకు చూపు పోతోందని తెలిసిందంటే ఏదో ఊళ్లో ఆసుపత్రి పక్కన బండి ఆపేసి "తిరిగింది చాల్లే పిల్లా" అనేస్తాడు. అనేస్తాడని నాకు తెలుసు. అందుకే దాచాను.

ఈ స్థలాన్ని మార్చిలో బుక్ చేశాను. భూతద్దం పట్టుకుని, తల పక్కకు వంచి, కంటి కొసతో చదివాను. బండి పొడవు ముప్పై ఎనిమిది అడుగులు మించరాదు అని చదివాను. అక్కడ ఉన్నది ముప్పై. సున్నా నాకు ఎనిమిదిలా కనబడింది. ఎనిమిదైతే బాగుండునని కూడా అనుకున్నానేమో.

నిన్న సాయంత్రం ఐదు దాటాక ఇక్కడికి చేరాం. వాన అప్పుడే వెలిసింది. పార్కు గేటు ముందు రోడ్డు పని జరుగుతున్న చోట బురదలోంచి వచ్చాం, బండి వెనకంతా బురదే. పెద్ద బండిని వెనక్కి పెడుతుంటే చుట్టుపక్కలవాళ్లంతా కుర్చీలు ఇటు తిప్పుకుని కూర్చుంటారు, మీకు తెలిసిందే. డబ్బు పెట్టక్కర్లేని సినిమా. క్యాంపు బాగోగులు చూసే బర్ల్ గారు కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డారు.

"పెద్దాయనా, ఈ స్థలం నీ బండికి చాలదేమోనయ్యా" అన్నారు.

"మా ఆవిడ వెతికిన చోటు. ఆవిడ వెతికితే పట్టి తీరుతుంది" అన్నాడు లొవెల్ కిటికీలోంచి.

"ఎన్ని విడాకులు ఇక్కడే మొదలయ్యాయో, చూసుకోండి మరి!" అని కుర్చీల్లోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నేను దిగి, ఆయన అద్దంలో కనబడేలా బండి వెనక మూలన నిలబడ్డాను. చేతులు తల మీదికి ఎత్తి ఊపితే రమ్మని, పిడికిలి బిగిస్తే ఆగమని. ఎడమవైపు చెట్టు కనబడింది. కుడివైపు బల్ల కనబడింది. నడుమ ఏమీ కనబడలేదు. కనబడలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను. రా అని చెయ్యి ఊపాను. వచ్చాడు. ఇంకాస్త వెనక్కి అన్నాను. వచ్చాడు. ఇంకాస్త అన్నాను. బండి తోక మా హద్దు దాటి వెనక స్థలంలోకి పోయింది. కడ్డీలు విరిగిన చప్పుడైంది. బర్ల్ గారి కప్పు కింద పడింది. "ఆపండి! గుడారం! గుడారం!" అని అరిచారు.

వెనక స్థలంలో ఒకమ్మాయి వేసుకున్న గుడారం అది. ఆకుపచ్చదట. నేను మోకాళ్ల మీద కూలబడి ఆ గుడ్డంతా చేతులతో తడిమాను. మెత్తగా, బారుగా ఒకటి తగిలింది. మనిషి అనుకున్నాను. "పలుకమ్మా, తల్లీ, పలుకు" అన్నాను. పలకలేదు. ఇంకా తడిమాను. తల దొరకలేదు. ఒక పిల్లను చంపేశాను అనుకున్నాను. అంతమంది పిల్లలకు వండిపెట్టిన చేతులు ఇవి, వీటితోనే చంపేశాను అనుకున్నాను.

నీళ్లు పట్టుకోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లిన ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చి నా భుజాలు పట్టుకుంది. "బామ్మగారూ, నేను ఇక్కడున్నాను. అది నేను పడుకునే సంచి. సంచి, బామ్మగారూ, సంచి" అంది. పేరు మారిట్ అని తర్వాత తెలిసింది. నన్ను తిట్టాల్సిన పిల్ల నాకు నీళ్లు తాగించింది. ఆమె ముఖం చూద్దామని చాలా ప్రయత్నించాను. చెవిపోగులు మాత్రం కనబడ్డాయి.

అప్పటికి లొవెల్ దిగి వచ్చాడు. అందరికీ వినబడేలా "నాదే తప్పు, బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాను" అన్నాడు. బండి ఎక్కడా ఉరకలేదు రేంజరమ్మా. నేను రమ్మన్నంతే వచ్చింది, మెల్లగా వచ్చింది. బర్ల్ గారిని అడగండి. "ఎందుకలా చెప్పావు?" అని తర్వాత నిలదీశాను. "కాలు తిమ్మిరెక్కింది పిల్లా, నువ్వు ఊరుకో" అన్నాడు.

ఇక్కడ మీరు నన్నొక ప్రశ్న అడిగారు. ఆయన కెమెరా ఎందుకు చూసుకోలేదు అని. ఏ కెమెరా అన్నాను. బండి వెనక, నంబరు పలక పైన చిన్న కెమెరా ఉందనీ, దాన్ని బురద కప్పేసిందనీ, దాని తెర స్టీరింగు పక్కనే ఉందనీ చెప్పారు.

స్టీరింగు పక్కన ఉన్న ఆ డబ్బా నాకు తెలుసు. పోయిన వేసవిలో మిసూలా ఊళ్లో పెట్టించాడు. నేను తడిమి "ఇదేమిటి?" అంటే "రేడియో" అన్నాడు. అది ఏనాడూ పాడలేదు. "నీ రేడియోకు గొంతు లేదేం?" అని ఎగతాళి చేసేదాన్ని. "కొండల్లో స్టేషన్లు అందవే" అనేవాడు.

అంటే నా కళ్ల సంగతి ఆయనకు తెలుసు. ఏడాదిగా నేను వెనక నిలబడి చేతులు ఊపుతూ ఉన్నాను, ఆయన తెరలో చూసుకుంటూ వెనక్కి వస్తూ ఉన్నాడు. దిగిన ప్రతిసారీ "నువ్వు లేకపోతే నా వల్ల అయ్యేదా?" అనేవాడు. నిన్న ఆ తెరలో బురద తప్ప ఏమీ కనబడి ఉండదు. దిగి తుడుచుకోవచ్చు. కానీ తుడవాలంటే నేను నిలబడ్డ చోటికి రావాలి, అంతమంది చూస్తుండగా నా పక్కనే తుడవాలి. రాలేదు. నా చెయ్యి చెప్పినట్టే వచ్చాడు. అది తప్పే. పెద్ద తప్పు. అదీ రాయండి. కానీ అది పాదం తప్పు కాదు.

నన్ను ఏడాదిపాటు బొమ్మలా నిలబెట్టినందుకు ఒళ్లు మండుతోంది. అదంతా నా కోసమే చేశాడని ఏడుపొస్తోంది. రెండూ రాయండి. ఆయన కోసం నేను దాచాను, నా కోసం ఆయన దాచాడు, ఇద్దరి నడుమ ఆ పిల్ల గుడారం నలిగింది. ఆమె నీళ్లకు వెళ్లకపోయి ఉంటే ఈ కాగితం వేరేగా ఉండేది.

పైన చూపు మందగించింది అని రాయించాను. అది కొట్టేయండి. గుడ్డిదాన్ని అనే రాయండి. బండి వెనక నిలబడి రమ్మనే మనిషికి ఆ మాటే సరైనది. ఇక నేను వెనక నిలబడను. ఆయన దిగి కెమెరా తుడుచుకోవాలి, స్థలాల కొలతలు నాకు పైకి చదివి వినిపించాలి. ఏ పార్కులో ఏ మలుపు ఎలాంటిదో నా తలలో ఉంది, అది ఎక్కడికీ పోలేదు. లైసెన్సు సంగతి తేల్చేవాళ్లు ఆయన పాదాన్ని ఎన్నిసార్లయినా పరీక్షించుకోనివ్వండి.

మీరు ఇదంతా రెండుసార్లు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఇందులో కల్పించింది లేదు. దాచింది కూడా ఇక ఏమీ మిగల్లేదు.

సంతకం ఎక్కడ అని అడిగితే కాగితం అడుగున గీత ఉందన్నారు. నాకు గీత కనబడలేదు. బయట బెంచీ మీద ఉన్న లొవెల్‌ను పిలవమన్నాను. తలుపు తెరిచే ఉంది కాబట్టి మీరు చదివిందంతా విన్నాడట. వచ్చి నా వెనక నిలబడ్డాడు. కలం పట్టుకుని ఎటు అన్నాను. ఇది కూడా రాయండి.

"కాస్త ఎడమకి, పిల్లా" అన్నాడు. జరిపాను.

"ఇంకాస్త కిందికి." జరిపాను.

"ఇంకాస్త." జరిపాను. "ఆ. అక్కడ ఆగు."

ఆయన ఆగమన్న చోట ఆగి సంతకం పెట్టాను.

(సం.) అర్డిస్ క్విగ్లీ

నా ఎదుట పెట్టిన సంతకం. గీత మీదే పడింది.
టెస్ హాల్వర్సన్, రేంజరు