ఎనభై డిగ్రీల వద్ద నిలిచిన పొర: డాక్టర్ కన్యక గారికి అభినందన

1993 జూలై పద్నాలుగవ తేదీన, గిద్దలూరు బట్టల దుకాణదారు రాధాకృష్ణమూర్తి గారి పెద్దమ్మాయి డాక్టర్ కన్యక గారు మార్కాపురంలోని మన కళాశాలలో రసాయనశాస్త్ర అధ్యాపకురాలిగా చేరినారు. బేస్తవారిపేట పల్లెల నుంచి రైతులు సీసాల్లో పట్టుకొచ్చే బోరు నీటిలో ఫ్లోరైడును కొలవడం తొలినాళ్లలో వారి దినచర్య. ఆ నీటిని శుద్ధి చేసే పదార్థాల అన్వేషణే కాలక్రమాన వారిని క్షార ఇంధన ఘటాల పరిశోధనకు చేర్చింది. హైడ్రోజన్ నుంచి విద్యుత్తు పుట్టించే ఆ ఘటం నడుమ కాగితమంత పలుచని పాలిమర్ పొర ఒకటి ఉంటుంది. అది అయాన్లను ధారాళంగా సాగనివ్వాలి. ఘాటైన క్షారంలో నెలల తరబడి చెక్కుచెదరకుండానూ ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒక్క పొరలో కుదరడమే దుర్లభం.

2014లో కుదిరినట్టే కనిపించింది. వేడినీటి తొట్టిలో ఉంచిన సీసాలో, ఎనభై డిగ్రీల క్షారద్రావణంలో వారి పొర వెయ్యి గంటలు నిలిచింది. వ్యాసం ప్రచురణకు అంగీకారమైంది. పరిశోధక విద్యార్థి శివకృష్ణ డాక్టరేటు దానిమీదే ఆధారపడింది. ఆ వారమే, ప్రయోగశాల అటెండరు గురమ్మ గారు వచ్చి, "అమ్మా, ఎనభై అంటే చెయ్యి కాలాల గదా? ఆ తొట్టిలో సీసా పట్టుకుంటే కాలట్లేదే!" అన్నారు.

కన్యక గారు వేరే థర్మామీటరు ముంచి చూసినారు. నలభై ఎనిమిది! తొట్టిని వేడిచేసే యంత్రం మీది అంకె అబద్ధం.

"ఇప్పుడు చెప్తే నా మూడేండ్లు పోతాయి మేడమ్. ఎవురికి తెలుస్తాది?" అన్నాడు శివకృష్ణ, కళ్లనీళ్లతో.

"మనకు తెలిసిపోయింది గదా నాయనా. ఇంగ ఎట్ల దాచేది?"

మర్నాడే వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. నిజమైన ఎనభై డిగ్రీల్లో ఆ పొర తొమ్మిదో రోజుకే పెళుసెక్కి ముక్కలైంది. ఆర్నెల్లపాటు శివకృష్ణ ముక్తసరిగానే మాట్లాడినాడు. కన్యక గారు లోలోపల నొచ్చుకున్నారే గాని ఒక్క పరుషవాక్యం పలకలేదు. రోజూ అతనికంటే ముందే వచ్చి తామే ప్రయోగం మొదలుపెట్టేవారు. పాలిమర్ గొలుసులోని ఆక్సిజన్ బంధాల దగ్గరే క్షారం కొరుకుతున్నదని గ్రహించి, ఆ బంధాలే లేని కొత్త పొరను ఇద్దరూ కలిసి రూపొందించినారు. 2017లో అది నిజమైన ఎనభై డిగ్రీల్లోనే మూడు వేల గంటలు నిలిచింది. ఆ వ్యాసంలో కృతజ్ఞతల వరుసన మొదటి పేరు గురమ్మ గారిది. ఆ మాట చెప్పినప్పుడు, "సీసా పట్టుకున్నందుకా అమ్మా!" అంటూ ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకోవడం మాకింకా గుర్తే.

డాక్టరేటు ఆలస్యంగా అందుకున్న శివకృష్ణ గారు నేడు మన శాఖలోనే అధ్యాపకులు. ఈ సంచికకు రెండు మాటలు రాయమంటే, "ఆ పొద్దు మేడమ్ మీద శానా కోపమొచ్చింది. ఈ పొద్దు నా పేరు ఎవురు తల్చినా తల ఎత్తుకొని నిలబడతాండానంటే, ఆమె చలవే" అన్నారు.

మూడు దశాబ్దాలకు పైబడిన సేవను పరిపూర్ణం చేసుకొని పదవీ విరమణ చేస్తున్న కన్యక గారు ఆయురారోగ్యాలతో, ఆత్మీయుల నడుమ, ఇదే నిర్మలమైన మనసుతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, వారి దగ్గర మేము నేర్చుకున్న నిజాయితీని మా చేతుల్లో చెడనివ్వబోమని సవినయంగా విన్నవించుకుంటున్నాము.