కమాను దిగలేదు, రోడ్డు లేచింది

"తాతా, ఈ కాలవ కమాను ముందునుంచీ ఇంత కిందకే ఉండీదా? రేపు కొలతలు రాసి ఆఫీసులో ఇయ్యాలి."

ఏటి, కిందకా? ఎవుడు సెప్పాడు పాపా? కమానుకి కట్టిన ఆ బోర్డు నానూ సదివాను. 'ఎత్తు తక్కువ, కూల్చబడును' అంట. కట్టినోడికి ఎత్తు తెలీదా ఏటి?

నీకు తెలీదు గానీ, మీ అమ్మమ్మ తమ్ముడున్నాడు కదా, నా బావమరిది, గడ్డిబండి మీద, ఆ గడ్డి పైన కూకుని కమాను కింద నుంచి పోయీవోడు. తల వంచీవోడు కాదు. అప్పట్లో పరవాడ నుంచి బండెడు గడ్డి పదిహేను రూపాయలు... కాదు కాదు, పన్నెండు. పదిహేను తరవాత మాట. ఏటి సెప్తన్నాను? ఆఁ, కమాను. పైన కాలవలో నీరు, కింద వీధిలో బండ్లు. గానుగ సున్నంతో పేర్సిన రాళ్లు, ఒకదాన్నొకటి అదుముకుని నిలబడ్డాయి. కుంగితే పైన నీరు ఒలికిపోదా? ఒక్క సుక్క కారడం సూసావా నువ్వు?

కమాను దిగలేదమ్మా, రోడ్డు లేచింది. తారు మీద తారు. పాతది గీకి తీసి కొత్తది ఎయ్యాలి. గీకలేదు. ఏసినప్పుడల్లా జానెడు... అంత కాదులే, బెత్తెడు. నాకెలా తెలుసంటావా? ఏసింది నానే. రోడ్డు గ్యాంగులో పనిసేసీవోణ్ణి. 'పాతది గీకేసాం' అని కంట్రాక్టరు కాగితం రాయించి వేలిముద్ర ఎయ్యమంటే ఏసీసాను. అప్పుడు నాకు సదువు రాదు. తరవాత రాత్రి బడిలో అక్షరాలు నేర్సుకుని, అలాటి కాగితమే ఇంకోటి సదివాను. ఒళ్లు మండిపోయింది. అప్పుడైనా నోరిప్పానా? లేదు. పని పోతాదని.

"ఇప్పుడు సెప్తే ఎవరు నమ్ముతారు తాతా?"

నమ్మక్కర్లేదు, తవ్వమను. స్తంభం మొదట్లో మోకాలెత్తు గుండ్రాయి ఉండీది, బండి ఇరుసు గోడకి రాసుకోకుండా పాతింది. ఏదీ, కనబడతాందా? తారు కింద ఉంది. దాని మొదట్లో పాత రోడ్డు తగులుతాది, అక్కణ్ణుంచి కొలువు. లారీ పట్టకపోతే రోడ్డు గీకాలి గానీ కాలవ కూలుస్తారా? అవతల వరిమళ్లకి నీరు ఆ లారీల్లోనే పట్టుకెళ్తారా?

నా పేరు కూడా రాయి, తారు ఏసినోడు సెప్పాడని. ఏటి సేత్తారో సెయ్యనీ. నువ్వు బెదరకు తల్లీ. నీ ఉజ్జోగం సల్లగుండాలి, నువ్వు రాసిన కొలత ఎవుడూ కాదనలేకుండా ఉండాలి. పద, పొద్దుండగానే సూసీద్దాం. ఈ గునపం ఎక్కడెట్టానో ఏటో...